కళ్ళతో చూశావా అని అడిగే మేడం

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఫోను బోర్లా పెట్టండి, కాసేపు దాని ముఖం చూడకపోతే కొంప మునగదు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి రండి. మధ్యలో లేస్తే ఈ కథ తెగిపోతుంది, తెగితే మళ్ళీ అతకడం నాకు రాదు.

మొన్న మా కోర్టులో లాయర్ల సంఘం హాలులో ఒక మేడం ఫొటోకు దండ వేశారు. రెండు నిమిషాలు అందరూ లేచి నిలబడ్డారు. ఆ మధ్యాహ్నం ఎవరూ కేసులకు వెళ్ళలేదు, తమలో ఒకరు పోతే అట్లా చేయడం వాళ్ళ ఆచారం. మైకు అందుకున్న ప్రతి ఒక్కరూ ఆమె సౌమ్యురాలని అన్నారు. చాయ్ పోస్తున్న నాకు చేయి ఆగిపోయింది. పదమూడేళ్ళుగా ఆ హాలులో మూలన నా పొయ్యి ఉంది. ఆమె సౌమ్యురాలైతే మా బోరబండ స్టేషన్‌కు పొద్దుటి రైలు ఖాళీగా వస్తుంది.

మేడం పొట్టి మనిషి, నడకలో మాత్రం పొడుగు. ఊరు గుంటూరు దిక్కు, ఇల్లు లింగంపల్లిలో. మొదట దవాఖానలో నర్సు. నలభై దాటాక సాయంత్రం కాలేజీలో చదివి నల్లకోటు వేసుకుంది. కోటు మారినా చేయి మారలేదు. ఎవరైనా నమస్కారం పెడితే తిరిగి పెట్టేది కాదు, మణికట్టు పట్టుకుని గడియారం చూసేది. పెద్ద పెద్ద సార్లు కూడా చేయి ఇచ్చి బడిపిల్లల్లా నిలబడేవారు. "రాత్రి నిద్రపోలేదు మీరు" అనేది. అవునని ఒప్పుకునే దాకా చేయి వదిలేది కాదు.

నన్ను వదినా అని పిలిచేది. నేను నలుగురిలో మేడం అనేదాన్ని, ఎవరూ లేనప్పుడు వదినా అనేదాన్ని. ఆ వరస కలిపింది తనే. ఎందుకు కలిపావంటే, "ఊరికే వేళాకోళం ఆడటానికి ఓ వరస ఉండాలి కదా" అంది. నా చాయ్‌లో అల్లం తగ్గితే, "వదినా, ఇవాళ అన్నయ్య మీద కోపం చాయ్ మీద చూపించావా?" అని హాలంతా వినేటట్టు అడిగేది.

మా హాలు గురించి చెప్పాలి. ఆరు పెద్ద బల్లలు ఉంటాయి. ఎక్కడా రాసి లేదు గానీ ఏ బల్ల ఎవరిదో అందరికీ తెలుసు. ఒకటి పాలమూరు వాళ్ళది, ఒకటి కోస్తా నుంచి వచ్చిన వాళ్ళది. కిటికీ పక్కది ముస్లిం సార్లది. ఇంకొకటి ఒకే కులం వాళ్ళది, దాని పేరు ఎవరూ పైకి అనరు. ఆడ లాయర్లకు వేరే గది. తెల్లవాళ్ళ కంపెనీల కాగితాలు చూసే కొత్త పిల్లలు, హైటెక్ సిటీ అద్దాల బిల్డింగుల నుంచి వచ్చేవాళ్ళు, హాలులో కూర్చోరు. కార్లోనే తిని పోతారు.

మేడం మాత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని రోజుకో బల్ల దగ్గరికి పోయేది. పిలవకుండానే కుర్చీ లాక్కునేది. "ఇవాళ ఈ ఇంటికి నేను కోడల్ని, వడ్డించండి" అనేది. మొదట్లో మాటలు ఆపేసి ముఖాలు చూసుకునేవాళ్ళు. తర్వాత అలవాటైంది. కొందరు ఆమెను చూసి డబ్బాలో పచ్చడి దాచేవాళ్ళు, అది వేరే సంగతి.

ఇంకొక మాట ఆమె నోట్లో ఎప్పుడూ నానుతుండేది. ఎవరైనా ఎవరి గురించైనా చెప్పబోతే చాలు, "నువ్వు కళ్ళతో చూశావా?" అని అడిగేది. "లేదు మేడం, ఫలానా ఆయన చెప్పిండు" అంటే, "అయితే ఆయన్ని పిలువు. విన్నది సాక్ష్యం కాదు" అనేది. హాలులో చాడీలు సగం ఆ మాటకే చచ్చిపోయేవి.

ఇప్పుడు అసలు సంగతి.

నర్సింలు అని ఒక చిన్న లాయరు. ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. నారాయణఖేడ్ అవతల ఊరు, వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. పని తెలిసినవాడు, కానీ ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు గొంతు సన్నబడేది. ఏ బల్ల దగ్గరా కూర్చోడు. నా పొయ్యి పక్కన నిలబడి తాగి, గ్లాసు తనే కడిగి పెట్టిపోయేవాడు. "అక్కా, నువ్వు కడిగితే నాకు మంచిగనిపియ్యదు" అనేవాడు.

ఒకరోజు అద్దాల బిల్డింగు నుంచి వచ్చిన లాయరుతో అతనికి కేసు పడింది. నిండు కోర్టులో నర్సింలు ఒక ఇంగ్లీషు మాట తప్పు పలికాడు. అవతలి లాయరు ఆ మాటను అట్లాగే పలికి చూపించాడు. కోర్టు నవ్వింది. అక్కడితో పోతే బాగుండేది. హాలుకు వచ్చాక ప్రతి బల్లా ఆ మాటనే పట్టుకుంది. "అక్కా, ఒక చాయ్" అనడానికి బదులు ఆ తప్పు మాట అనేవాళ్ళు. అందరితో పాటు నేనూ నవ్వాను. అతను అప్పుడు గ్లాసు కడుగుతున్నాడు. కడిగి, బోర్లించి వెళ్ళిపోయాడు.

మరునాటి నుంచి రాలేదు.

రాకపోతే ఎవరికీ తెలియదా అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. కోర్టులో కేసు పిలిచినప్పుడు లాయరు లేకపోతే, పక్కనున్న ఇంకో లాయరు లేచి, "ఆయన పై అంతస్తు కోర్టులో ఉన్నారు" అని చెప్తాడు. వాయిదా అడిగి కూర్చుంటాడు. ఒకరికొకరు చేసుకునే సాయం అది, మంచి అలవాటే. నర్సింలు కేసు పిలిచినప్పుడల్లా ఎవరో ఒకరు లేచారు. నవ్విన తప్పు దిద్దుకోవడానికి కొంచెం తొందరగానే లేచారు. పాలమూరు బల్ల వాళ్ళు అతను కోస్తా బల్ల వాళ్ళతో ఉన్నాడనుకున్నారు, వాళ్ళు కిటికీ పక్క వాళ్ళతో ఉన్నాడనుకున్నారు.

నా సంగతీ చెప్పాలి. నార్సింగి నుంచి ఒక ముసలాయన రోజూ వచ్చేవాడు, నర్సింలుకు కేసు ఇచ్చిన మనిషి. ఇంటి గోడ తగాదా. "మా వకీలు సారు ఏడమ్మా?" అని నన్నే అడిగేవాడు. కేసు ఇచ్చిన వాళ్ళ ముందు లాయరు లేడని చెప్పకూడదు, అది చాయ్ పోసే వాళ్ళందరికీ తెలిసిన పద్ధతి. "ఇప్పుడే చాయ్ తాగి పైకి పోయిండు తాతా" అన్నాను. మరునాడూ అదే అన్నాను. పక్క బల్లల వాళ్ళు నా మాట విన్నారు. అక్క ఇప్పుడే చూసిందట అనుకున్నారు.

అట్లా తొమ్మిది రోజులు గడిచాయి.

పదో రోజు మధ్యాహ్నం మేడం పాలమూరు బల్లకు కోడలిగా వచ్చింది. ముసలాయన వచ్చాడు, నేను నా పాట పాడాను. మేడం చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని నా వైపు చూసింది.

"వదినా, నర్సింలు ఇప్పుడే చాయ్ తాగాడా?"

"అవును మేడం."

"కళ్ళతో చూశావా?"

"ఇవ్వాళ అంటే... ఇవ్వాళ చూడలే."

"నిన్న?"

"నిన్న గూడ చూడలే."

"మొన్న చూశావా? ఎప్పుడు చూశావు?"

ముసలాయన మా ఇద్దరి ముఖాలూ చూస్తున్నాడు. మేడం ముద్ద డబ్బాలో పెట్టేసి చేయి కడుక్కుంది. లేచి ఒక్కో బల్ల దగ్గరికి పోయింది.

"మీరు మంగళవారం అతని బదులు లేచారు. అతను మిమ్మల్ని అడిగాడా? ఫోన్ చేశాడా?"

"లేదు మేడం. పైన ఉన్నడంటే..."

"ఎవరన్నారు?"

"అక్కనే చాయ్ పోసిన్నని అనవట్టె."

ఆరు బల్లలూ తిరిగింది. బల్ల బల్లకూ హాలు చప్పుడు తగ్గుతూ వచ్చింది. ఆరో బల్లకు వచ్చేసరికి చెంచా పెట్టిన చప్పుడు కూడా వినిపిస్తోంది. తొమ్మిది రోజుల్లో అతన్ని చూసిన మనిషి ఆ హాలులో ఒక్కడు లేడు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

సంఘం సెక్రటరీ సారు లేచి వచ్చాడు. మంచి మనిషే, కానీ ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయి.

"మేడం, జర నెమ్మది. ఊరికి పోయిండేమో. గిట్ల హాలుల పంచాయతి పెడితె, రేపు నర్సింలుకు పిచ్చి లేసిందని బయట అంటరు. పోరని ప్రాక్టీసు పోతది."

"ప్రాక్టీసు పోతే మళ్ళీ తెచ్చుకుంటాడండీ" అంది మేడం. "మనిషిని మీరు తెచ్చిస్తారా? అతని గది ఎక్కడ?"

ఎవరికీ తెలియదు. సంఘంలో చేరినప్పుడు రాసిచ్చిన కాగితం వెతికించింది. కొండాపూర్ దాటాక ఒక సందులో మగపిల్లల హాస్టల్. సెక్రటరీ సారు ముఖం ముడుచుకునే కారు తాళం తీశాడు. నేను పొయ్యి ఆర్పేసి, పిలవకుండానే ఎక్కాను. మేడం వద్దనలేదు.

ఆ దారి మీరు ఎరుగుదురు. మూడు దాటితే కంపెనీల క్యాబులు, బడి బస్సులు, పైన మెట్రో, కింద అందరూ ఆగి ఉంటారు. కారు కదలదు. మేడం ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుంది. మోగి మోగి ఆగిపోవడం వెనక సీట్లో నాకు వినిపించేది. మళ్ళీ నొక్కేది. సిగ్నల్ దగ్గర మూడుసార్లు ఎర్రలైటు పడ్డాక తలుపు తీసుకుని దిగిపోయింది. నేనూ దిగాను. నల్లకోటుతో, మెడలో తెల్ల పట్టీతో, కంపెనీ కార్డులు మెడలో వేసుకున్న పిల్లల మధ్య నుంచి ఆమె ముందు, నేను వెనక. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక్కసారి కూడా ఆగలేదు.

హాస్టల్ మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు.

"నర్సింలు సారా? పైన నీళ్ళ ట్యాంకు పక్క రూములుంటడు. ఉన్నడు మేడం, తలుపేసుకొనే ఉంటుండు."

"ఎన్నాళ్ళుగా?"

"వారం పైనే. వర్క్ ఫ్రం హోం అనుకున్నం. ఇక్కడ సగం మంది గట్లనే ఉంటరు. తలుపు కొడితె మీటింగుల ఉన్నమని కోపం జేస్తరు."

మెట్లు ఎక్కుతుంటే మేడం నా చేయి పట్టుకుంది. ఈసారి నాడి చూడటానికి కాదు, గడియారం వంక చూడనే లేదు.

తలుపుకు లోపల గడియ వేసి ఉంది. మేడం చెవి ఆనించింది. ఫ్యాను తిరుగుతోంది. మంచం ఒక్కసారి కిర్రుమంది. అప్పుడే ఆయాసంతో వచ్చిన సెక్రటరీ సారు, "పలగ్గొట్టుండ్రి" అన్నాడు. మేడం వేలు పెదవుల మీద పెట్టి అతన్ని పక్కకు తీసుకుపోయింది.

"అంబులెన్సుకు ఫోన్ చేయండి. కింద నిలబెట్టండి, సైరన్ వద్దని చెప్పండి. తలుపు తీసేవాడిని పిలిపించి మెట్ల మీద కూర్చోబెట్టండి. నేను చేయి ఊపితే రావాలి. అప్పటిదాకా ఎవరూ తలుపు తట్టొద్దు."

తర్వాత తలుపు ముందు ఆ సిమెంటు నేల మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఇప్పుడు ఏమని పిలుస్తుంది, ఏడుస్తుందా, బతిమాలుతుందా అనుకున్నాను. ఆమె గొంతు హాలులో ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది.

"నర్సింలూ, నేనయ్యా. నీతో పనుండి వచ్చాను."

ఆమె తలుపుకు ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"సోమవారం నాకు దవాఖానలో పరీక్షలున్నాయి. కడుపులో ఏదో ఉందంటున్నారు. మా ఇంట్లో కూడా ఇంకా చెప్పలేదు. ఆ రోజే నా కేసు ఒకటుంది. నా బదులు లేచి వాయిదా అడిగేవాళ్ళు కావాలి."

నేను ఆమె ముఖం చూశాను. నాడి పట్టి పదిమంది చేత నిజాలు కక్కించిన మనిషి తన సంగతి ఒక్కరికీ చెప్పలేదు. అది నాకూ అప్పుడే తెలిసింది.

లోపల ఫ్యాను తిరుగుతోంది.

"నాకు తెలుసు, నీకు మాట్లాడాలని లేదు. ఎక్కువ మాట్లాడక్కర్లేదు. తెలుగులోనే అడుగు. ఒక్క వాక్యం."

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కింద అంబులెన్సు వచ్చి ఆగిన చప్పుడైంది. తలుపు తీసే మనిషి మెట్ల మీద సంచీ దించాడు. సెక్రటరీ సారు నా వైపు చూసి కళ్ళతోనే అడుగుతున్నాడు. మేడం చేయి లేవలేదు, కానీ వేళ్ళు విచ్చుకున్నాయి. ఇంకో రెండు ఊపిరులు చూసి ఊపేదేమో.

అప్పుడు లోపల నుంచి గొంతు వచ్చింది. తుప్పు పట్టిన గొంతు.

"కేసు నంబరెంత మేడం?"

మేడంకు నంబరు గుర్తు రాలేదు. జీవితంలో మొదటిసారి ఆమె జవాబు కోసం నా వైపు చూసింది. ఆ కేసు ఇచ్చినామె, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో పనిచేసే మనిషి, పొద్దునే నా దగ్గర చాయ్ తాగుతూ వాయిదా చీటీ చదివించుకుంది. నేను చదివింది నాలుగో తరగతే గానీ అంకెలు ఒకసారి చూస్తే పోవు. మెల్లగా చెప్పాను. మేడం గట్టిగా చెప్పింది.

"ఏ కోర్టు?"

"రెండో అంతస్తు. నువ్వు రోజూ నిలబడేదే."

గడియ తీసిన చప్పుడైంది.

మనిషి సగమయ్యాడు. గడ్డం పెరిగింది. అతని వెనక బల్ల మీద ఏముందో నేను చూశాను. అది మీకు చెప్పను, మీ ఇంట్లో కూర్చుని ఆ వస్తువు పేరు ఎత్తను. మేడం కూడా చూసింది. నల్లకోటు విప్పి దాని మీద వేసేసింది. అట్లా వేస్తూనే రెండో చేత్తో అతని మణికట్టు పట్టుకుంది. "భోజనం చేసి ఎన్ని పూటలైంది?" అని అడిగింది. అతను లెక్కపెట్టబోయి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

దవాఖానలో మూడు రోజులు ఉన్నాడు. డాక్టరు ఒంటరిగా వదలొద్దన్నాడు. లింగంపల్లిలో మేడం వాళ్ళింటి ముందు గది అతనికిచ్చారు. సోమవారం మేడం పరీక్షలకు పోయింది. మేడం వాళ్ళాయన తోడు రాగా నర్సింలు కోర్టుకు వచ్చి, లేచి నిలబడి, తెలుగులో ఒక్క వాక్యం అడిగి, కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం కూడా కొంచెం ఎక్కువే చేశారు, గోడల వైపు చూస్తూ.

తర్వాత సంఘం మీటింగులో గొడవ పెద్దదే అయింది. లేని మనిషి బదులు లేచేముందు ఆ రోజు అతని గొంతు వినాలి, వినకపోతే లేవకూడదు, ఇదీ మేడం అడిగింది. ఏటా బీపీలు చూసి యోగా చాపలు పరిచే ఆరోగ్య శిబిరం ఉంది కదా, ఇది కూడా ఎందుకు అన్నారు.

"మేమేమన్న బడిపిల్లలమా మేడం, రోజు హాజరు చెప్పనీకి?" అని ఒకాయన లేచాడు.

"బడిపిల్లలకైతే నేను ఇంత ఫికర్ పడనండీ. వాళ్ళకి హాజరు తీసే పంతులున్నాడు" అంది మేడం.

చేతులెత్తమంటే సగం కంటే తక్కువే లేచాయి. తీర్మానం ఓడిపోయింది. కానీ ఎత్తిన వాళ్ళు ఒక్క బల్ల వాళ్ళు కాదు, అన్ని బల్లల నుంచీ ఉన్నారు. మేడం అదే లెక్క చూసుకుంది. ఆ రోజు నుంచి ఆ చేతులెత్తిన వాళ్ళు పొద్దున ఒకరికొకరు ఫోన్ చేసుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ రాసిపెట్టలేదు.

నా తప్పు మాత్రం నాలో ఉండిపోయింది. ఒక సాయంత్రం నర్సింలు, మేడం ఇద్దరూ పొయ్యి దగ్గర ఉన్నప్పుడు చెప్పేశాను.

"సారూ, మీరు లేని తొమ్మిది రోజులు మీరున్నరని నేనే చెప్పిన. పైకి పోయిండన్న."

అతను గ్లాసు దించాడు. "నాకెర్కనే అక్కా. తాత రోజు ఫోన్ల మెసేజ్ పెట్టిపిచ్చేటోడు. 'సారూ, ఇప్పుడే చాయ్ తాగి పైకి పోయినవంట గదా' అని." గ్లాసు కడిగి బోర్లించాడు. "నేను లేకున్న నేను ఉన్నట్టే నడుస్తుందనుకున్న. ఇగ నేనెందుకు అనిపించింది."

మేడం ఓదార్చలేదు. నీ తప్పేం లేదని కూడా అనలేదు.

"వదినా, రేపటి నుంచి ఎవరైనా అడిగితే, తెలియదు అను" అంది. "తర్వాత వెళ్ళి తెలుసుకో."

అప్పటి నుంచి అదే అంటున్నాను. కొందరు లాయర్లకు నా మీద కోపం. ఒకాయన నెలరోజులు నా చాయ్ తాగలేదు. తాగకపోతే మానె.

మేడం కడుపులో ఉన్నది మంచిది కాదని ఆ పరీక్షల్లోనే తేలింది. రెండేళ్ళు దానితోనే కోర్టుకు వచ్చింది. ఈ ఎండాకాలంలో ఒకరోజు రాలేదు. ఒకామె వచ్చి మేడం ఏదని అడిగింది. హాలులో నలుగురు నా నోటి వైపు చూశారు. "తెలియదు" అన్నాను. పాలగిన్నె దించి, నర్సింలును పిలిచి, ఇద్దరం లింగంపల్లి పోయాం.

మంచం మీద ఉంది. నన్ను చూసి, "పొయ్యి ఎవరికి అప్పజెప్పి వచ్చావు?" అని అడిగింది.

"ఎవరికీ లేదు వదినా. ఇవ్వాళ హాలుల చాయ్ లేదు."

"అంతమందిని చాయ్ లేకుండా కూర్చోబెట్టావా?" అని నవ్వబోయి దగ్గింది. నర్సింలు దిండు సరిచేసి పక్కన కూర్చున్నాడు, రేపటి తన కేసు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. ఒకచోట ఆపి, "అక్కడ గొంతు తగ్గించకు" అంది. అతను మళ్ళీ మొదటి నుంచి, గొంతు తగ్గించకుండా, చెప్పాడు. నేను వాళ్ళ వంటింట్లోకి పోయి మూడు గ్లాసుల చాయ్ పెట్టాను.

ఇంతే నేను చెప్పగలిగింది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో మనుషులు ఎన్ని పనులకు పోయినా, ఏ పూటకు ఆ పూట ఒకరి గొంతు ఒకరికి వినబడాలి. మీ వాళ్ళల్లో ఎవరైనా గడియ వేసుకుంటే, తలుపు బయట కూర్చునే ఓపిక మీలో ఒకరికైనా ఆ దేవుడివ్వాలి. లేవండి, అన్నాల వేళయింది, పిల్లల్ని పిలవండి.